తిట్ల తెలుగు: ప్రాంతం మారితే మాట మారుతుంది, కులం మారితే బరువు మారుతుంది

‘కులం పేరుతో దూషించారు’, ‘అసభ్య పదజాలంతో తిట్టారు’. అట్రాసిటీ ఫిర్యాదుల్లో తరచూ కనిపించే వాక్యాలివి. తిట్టినవాళ్ల పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, తిట్టిన మాట మాత్రం ఉండదు. బాధితులు తమ యాసలో చెప్పిన మాట స్టేషన్‌లో కాగితం మీదికి ఎక్కేసరికి పుస్తకాల తెలుగు అయిపోతుంది. తీరా కోర్టులో ‘సరిగ్గా ఏమన్నాడు?’ అని అడుగుతారు. తిట్ల గురించి తెలుసుకోవడం భాష చదివే విద్యార్థులకు ఎంత అవసరమో, వాడల్లో పనిచేసే కార్యకర్తలకూ అంతే అవసరం.

ప్రాంతాన్ని బట్టి

తెలంగాణలో ‘నీ యవ్వ’ అంటారు, కోస్తాలో ‘నీ యమ్మ’ అంటారు. రెండూ తల్లిని పట్టుకున్న తిట్లే. తెలంగాణలో అవ్వ అంటే అమ్మ. రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. ‘నీ యవ్వ, మస్తుగ ఆడిండు’ అని తెలంగాణ పిల్లలు మెచ్చుకోలుగా కూడా అంటారు. అలవాటు లేనివాళ్లకు అది బూతులా వినిపిస్తుంది.

నిజాం పాలనలో ఉర్దూ రాజభాష కాబట్టి తెలంగాణ తిట్లలో లుచ్చా, లఫంగి, బద్మాష్ బాగా కలిసిపోయాయి. ‘బద్మాష్’కి మూలార్థం చెడ్డ బతుకుదెరువు గలవాడని. తెలుగు నేలంతా వాడే ‘బేవార్స్’కి మూలార్థం వారసులు లేనిదని. అంటే దిక్కులేకపోవడమే అక్కడ తిట్టయింది. రాయలసీమలో ‘నా కొడకా’, చిత్తూరు వైపు ‘నా బట్ట’ కోపంలోనూ వస్తాయి, చనువులోనూ వస్తాయి. శాపనార్థాల్లో కోస్తావాళ్లు ‘నీ పాడె గట్ట’, ‘నీ దినం పెట్ట’ అంటే, తెలంగాణవాళ్లు ‘నీ పీనుగెల్ల’, ‘నీ నోట్ల మన్నువడ’ అంటారు. ఉత్తరాంధ్రలో ‘గుంట’ అంటే ఆడపిల్ల, అందులో తిట్టే లేదు.

ఈ తేడాలు తెలియని అధికారి రెండు రకాలుగా తప్పు చేస్తాడు. చనువు మాటను నేరంగా చూస్తాడు, అవమానాన్ని ‘అక్కడ అంతా అలాగే మాట్లాడతారు’ అని కొట్టేస్తాడు.

వర్గాన్ని బట్టి

అగ్రహారం తెలుగులో ‘శుంఠ’, ‘అప్రాచ్యుడు’, ‘త్రాష్టుడు’ ఉన్నాయి. పాత కథల్లో, సినిమాల్లో ఇవి నవ్వు పుట్టించే మాటలు. వీటిని ఎవరూ బూతులనరు. పట్టణ మధ్యతరగతి ‘ఇడియట్’, ‘రాస్కెల్’ అని ఇంగ్లీషులో తిట్టి మర్యాద కాపాడుకుంటుంది. అదే కోపం నాట్లేసే ఆడమనిషి నోట, అడ్డా మీది కూలీ నోట వస్తే ‘బూతులు’, ‘నోటి దురుసు’ అవుతుంది. ఏది బూతో ఏది చమత్కారమో తేల్చే అధికారం కూడా పైవర్గాల దగ్గరే ఉండిపోయింది.

పేదరికాన్నే తిట్టుగా మార్చిన మాటలు చూడండి: ‘అలగా జనం’, ‘లేకి బుద్ధి’, ‘అడుక్కుతినే మొహం’. ఇందులో బూతు ఒక్కటీ లేదు. అయినా కాయకష్టం చేసే మనిషిని వీటికంటే ఎక్కువగా కించపరిచే మాటలు తక్కువే. దళిత సాహిత్యం ఈ మర్యాద గీతను కావాలనే చెరిపింది. వేముల ఎల్లయ్య ‘కక్క’ నవలను నల్లగొండ మాదిగ వాడ భాషలోనే రాశాడు.

ఆడవాళ్ల మీద కట్టిన తిట్లు

అందరూ మామూలుగా వాడే ‘వెధవ’ అనే మాట ‘విధవ’ నుంచి వచ్చింది. ‘ముండ’ అంటే గుండు చేయించుకున్న మనిషి, అంటే మళ్లీ వితంతువే. మగవాణ్ని తిట్టాలన్నా భర్త పోయిన స్త్రీనే పట్టుకొచ్చారు. ‘బోగందానా’, ‘దొమ్మరిదానా’ అనే మాటల్లో అయితే స్త్రీ, కులం రెండూ ఒకే దెబ్బకు బలవుతాయి. దొమ్మర కులం తాళ్ల మీద, గడల మీద ఆడి బతికిన కళాకారుల కులం.

కులమే తిట్టయిన చోట

మిగతా తిట్లు జిల్లా దాటితే మారతాయి. మాల, మాదిగ పేర్లను తిట్టుగా వాడటం మాత్రం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకేలా ఉంటుంది. యాస ఒక్కటే మారుతుంది. తిట్టాలనుకున్నవాడు కులం పేరుకు ‘ఓడా’, ‘దానా’, ‘నా కొడకా’ తగిలిస్తే చాలు. ఆధిపత్య కులాల పేర్లకు ‘గారు’ తగులుతుంది.

కులం దాక్కున్న మాటలు ఇంకా ఎక్కువ. ‘కూర ఛండాలంగా ఉంది’ అంటాం. చండాలులంటే మనుస్మృతి ఊరి బయట ఉండమన్న మనుషులు. పొరుగున తమిళనాడులో పరయర్ కులం పేరు ఇంగ్లీషులోకి ‘పరియా’గా వెళ్లి వెలివేయబడ్డవాడు అనే అర్థంతో స్థిరపడింది. గట్టిగా తిట్టడాన్ని ‘చాకిరేవు పెట్టడం’ అంటాం. ఉద్యమకారుల నోటి నుంచి కూడా ఈ మాటలు వస్తుంటాయి. మనం ముందు మన నోటినే గమనించుకోవాలి.

ఈ పేరునే ఎదురుతిప్పిన చరిత్ర కూడా మనకుంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ఆ ఉద్యమంలో వేలమంది తమ పేరు చివర ‘మాదిగ’ అని రాసుకున్నారు. తిట్టినవాడి నోట్లో ఆ మాట అవమానం, పెట్టుకున్నవాడి పేరులో ఆత్మగౌరవం. అక్షరాలు అవే.

తిట్టు లేకుండా తిట్టడం

దళితులు రోజూ పడే అవమానంలో చాలా భాగం ఏ నిఘంటువులోనూ తిట్టుగా ఉండదు. ఎల్లయ్య ‘ఎల్లిగాడు’ అవుతాడు, పోచమ్మ ‘పోచి’ అవుతుంది. అరవై ఏళ్ల తాతను భూస్వామి మనవడు ‘ఏరా’ అంటాడు. తాత ఆ పిల్లవాణ్ని తెలంగాణలో ‘దొరా’ అనాలి, కోస్తాలో ‘బాబుగారూ’ అనాలి. ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అనిపించిన వెట్టి పోయినా ‘ఏరా’ పూర్తిగా పోలేదు. స్నేహితుల మధ్య ‘ఒరేయ్’ అటూ ఇటూ నడుస్తుంది. కులం మధ్య అది ఒకవైపే నడుస్తుంది. తిరిగి అదే మాట అనగలమా లేదా అన్నదే అసలు పరీక్ష.

చట్టం ఏం వింటుంది?

1989 అట్రాసిటీ చట్టంలో, 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత, రెండు క్లాజులు ముఖ్యం. 3(1)(ఆర్) పదిమంది చూసే చోట కించపరిచే ఉద్దేశంతో అవమానించడం, బెదిరించడం గురించి. 3(1)(ఎస్) పదిమంది చూసే చోట కులం పేరుతో తిట్టడం గురించి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా, జరిమానా అదనం.

2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి గేటు దగ్గర తిట్టినా అది పదిమంది చూసే చోటే అంది. 2020లో హితేష్ వర్మ కేసులో, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య జరిగింది దీని కిందికి రాదంది. 2024లో షాజన్ స్కారియా కేసులో, ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని తిట్టినంత మాత్రాన సరిపోదు, కులం కారణంగా కించపరిచే ఉద్దేశం కనిపించాలంది. అంటే ‘ఏరా’ ఒక్కటే రాస్తే కేసు నిలబడటం కష్టం. దాని చుట్టూ ఉన్న కులాన్ని కాగితం మీద చూపించాలి.

ఎస్సీ, ఎస్టీ స్త్రీని, ఆమె కులం తెలిసీ, లైంగికమైన మాటలతో తిడితే 3(1)(డబ్ల్యూ) వర్తిస్తుంది. అందులో పదిమంది చూసే చోటు అనే షరతు లేదు. చాలా ఫిర్యాదుల్లో దీన్ని అడగడమే మరిచిపోతున్నారు.

ఫిర్యాదు రాయించేటప్పుడు

అన్న మాటను అన్నట్టే, అదే యాసలో, కొటేషన్లలో పెట్టి రాయించాలి. సిగ్గుపడి ‘అసభ్యంగా’ అని సరిపెట్టొద్దు. నోటితో చెప్పలేని స్త్రీలు విడిగా రాసి ఇవ్వొచ్చు.

ఎక్కడ నిలబడి అన్నాడో, ఎవరెవరు విన్నారో రాయాలి. చుట్టాలు కాని సాక్షుల పేర్లు తప్పకుండా ఉండాలి.

మాటకు ముందూ వెనకా జరిగింది రాయాలి: కూలి అడగడం, కుర్చీలో కూర్చోవడం, గుడి ముందు నిలబడటం. కులం కారణమని తేలేది అక్కడే.

నిందితుడికి మన కులం ఎలా తెలుసో రాయాలి. మనతో, మన కుటుంబంతో పరిచయం ఉన్నవాడైతే కులం తెలుసనే కోర్టు భావించాలని 8(సి) చెబుతోంది.

నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న అధికారి, సంతకానికి ముందు దాన్ని చదివి వినిపించాలని సెక్షన్ 4 చెబుతోంది. విన్నప్పుడు మన మాట మనకు వినిపించకపోతే మార్పించి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.