ఫిలొక్టీటీసు నాటకమునందలి సఖ్యము

యవనకవియగు సోఫొక్లీసు రచించిన ఫిలొక్టీటీసు నాటకము క్రీ. పూ. 409లో ఆథెన్సు నగరమున డయొనీససు దేవతోత్సవమునఁ బ్రదర్శింపఁబడి ప్రథమబహుమానము వడసెను. కవి యప్పటికి ఎనుబదియేండ్లు దాఁటిన వృద్ధుఁడు. ఇందు స్త్రీపాత్రము లేదు. రంగమున మరణము లేదు. ట్రాయి దండయాత్రకుఁ బోవుచు సర్పదష్టుఁడై, వ్రణదుర్గంధమును సహింపఁజాలని తనవారిచేతనే లెమ్నాసు ద్వీపమున విడువఁబడిన ఫిలొక్టీటీసు, పెక్కేండ్ల పిమ్మట ఒడిస్సియసు ప్రేరణమున నతని ధనుస్సును వంచించి కొనిపోవ వచ్చిన, అకిలీసు కుమారుఁడు నియొప్టొలెమసు - ఈ యిరువుర సంభాషణమే నాటకములోఁ బెద్దపాలు.

ఈ కథనే ఎస్కిలసును, క్రీ. పూ. 431లో యూరిపిడీసును నాటకములుగా రచించిరి. అవి నశించినవి. కాని క్రీస్తుశకము మొదటి శతాబ్దిలోఁ బుట్టిన డియో క్రిసొస్తొము అను వక్త మూఁటిని జదివి పోల్చిన వ్యాసము మనభాగ్యమున నిలిచినది. దానినిబట్టి చూడఁగా, మొదటి రెండింటను లెమ్నాసువాసులే బృందగాయకులు. సోఫొక్లీసు ద్వీపమును నిర్జనము గావించెను. యువకునిఁ గొత్తగాఁ దెచ్చెను. లెమ్నాసు జనపదమని హోమరునకుఁ దెలియును. అయిదవ శతాబ్దమున ఆథెన్సువారు అచటఁ గాఁపురముండిరి గూడ. కాఁబట్టి యిది ప్రమాదము గాదు, బుద్ధిపూర్వకము. ఇరుగుపొరుగున్నచో, యువకుని నోట స్వభాష విన్నంతనే ఆ యేకాకి పొంగిపోవుట పొసఁగదు.

1971లో ఫ్రెంచి చరిత్రకారుఁడు పియేర్ విదాల్-నాకే, ఈ యువకుని వృత్తాంతము ఆథెన్సు యువకుల సైనికదీక్షకుఁ బ్రతిబింబమని వాదించెను. వాదము మనోహరమే. అయినను ఆ దీక్ష సువ్యవస్థితముగాఁ గానవచ్చుట నాలుగవ శతాబ్ది యుత్తరార్ధముననే. నా కది పూర్తిగా సమ్మతము గాదు.

సంబోధనములు నాకు బలవత్తరసాక్ష్యములుగాఁ దోఁచుచున్నవి. ఫిలొక్టీటీసు యువకుని మాటిమాటికి ‘బిడ్డా’, ‘కుమారా’ యను నర్థముగల పదములతోఁ బిలుచును. మోసము బయల్పడినప్పుడు తీవ్రముగా దూషించును. కాని ధనుస్సు మరల నిమ్మని వేఁడుచు ‘బిడ్డా’ యనుట మానఁడు. యువకుఁడు పశ్చాత్తప్తుఁడై, ఒడిస్సియసు వలదని యడ్డగించుచుండఁగనే, దాని నిచ్చివేయును.

తుదకు హెరక్లీసు ప్రత్యక్షమై, వీరిలో నొకఁడు లేక యొకఁడు ట్రాయిని గెలువఁజాలఁడని చెప్పి, పరస్పరరక్షకములగు జంటసింహములతోఁ బోల్చును. అచట సింహవాచకమును, రక్షణక్రియయును ద్వివచనరూపములు. సంస్కృతమునకుఁ బరివర్తింపఁబూనువానికి నిట శ్రమ లేదు. తెలుఁగు చేయువాఁడు మాత్రము ‘మీరిరువురును’ అని సంఖ్యావాచకముతో సరిపెట్టుకొనవలసినదే.