గర్భాశయాంతర దర్శనము: పద్ధతుల చరిత్ర

గర్భాశయము పిడికిలియంతటి కండరపు సంచి. దాని ముందు వెనుక గోడలు ఒకదాని నొకటి అంటియుండును. ఆ యిరుకున పాలిప్ అను కండ పెరిగినను, కాన్సరు పుట్టినను బయటికి తెలియు గుర్తు తరచుగా రక్తస్రావమే. లోపలి కారణ మేది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటలో నాలుగు మార్గము లేర్పడినవి.

మొదటిది గీకుట. 19వ శతాబ్ది నడుమ ఫ్రెంచి వైద్యుడు రెకామియే చెంచావంటి క్యూరెట్ అను పనిముట్టును వాడుకలోనికి తెచ్చెను. గీకగా వచ్చిన పొరను సూక్ష్మదర్శినితో పరీక్షింపవచ్చును. కాని అది చీకటిలో తడవుట వంటిది; క్యూరెట్ తగులని పాలిప్ అట్లే మిగిలిపోవును.

రెండవది కంటితో చూచుట. 1853లో డెసొర్మో పారిస్‌లో దీపముతో వెలుగు దర్శినిని ప్రదర్శించెను. 1869లో పాంటలియోని అట్టి గొట్టముతో, ముట్లుడిగిన పిదప రక్తస్రావము గల్గిన యొక స్త్రీ గర్భాశయమున పాలిప్‌ను చూచి, వెండి నైట్రేటుతో కాల్చెను. అయినను ఈ పద్ధతి వ్యాపించుటకు నూరేండ్లు పట్టినది. ఏలయన, గోడలను విడదీయనిదే చూపు సాగదు. రక్తము దర్శినిని కప్పివేయును. 1925లో రూబిన్ వాయువును నింపి గోడలను విడదీసెను. తరువాత ద్రవములు, మేలైన కటకములు వచ్చి దారి సుగమ మయ్యెను.

మూడవది నీడ. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణములకు మెత్తని కండ స్పష్టముగా కనబడదు. కావున 1914లో అమెరికాలో కేరీ, రూబిన్ వేరువేరుగా కొలార్గాల్ అను వెండి ద్రవమును లోనికెక్కించి చిత్రము తీసిరి. పిమ్మట అయోడిన్ కలిసిన నూనె వచ్చెను. కుహరపు ఆకారము, నాళములు తెరచియున్నవో లేవో దీనిచే తెలియును. కాని గాలిబుడగయు, పాలిప్‌యు ఒకే తీరు నీడ నీయవచ్చును.

నాలుగవది ప్రతిధ్వని. లోహములలో పగుళ్లను పట్టు యంత్రము చూచి, గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్, మాక్‌వికార్, బ్రౌన్ దానిని వైద్యమునకు మలచి 1958లో ఫలితములను ప్రకటించిరి. ఇందు కిరణముల అపాయము లేదు. తరువాతి కాలమున ఉప్పునీటిని లోనికెక్కించి చూచుట వాడుకలోనికి వచ్చెను. నీటి నడుమ పాలిప్ చెరువులోని బండవలె స్పష్టముగా కనబడును.

ఈ పద్ధతులను పోల్చుట యేల యవసరమో ఒక ఉదాహరణము చెప్పును. కొందరి గర్భాశయమును పుట్టుకతోనే నడుమ నొక అడ్డుపొర రెండు భాగములు చేయును. మరికొందరి గర్భాశయము పైభాగమున రెండు కొమ్ములుగా చీలియుండును. ఎక్స్ కిరణ చిత్రమున రెండును ఒకే తీరున కనబడవచ్చును. దర్శినియు లోపలనే చూచును. వెలుపలి గోడను చూడజాలదు. అడ్డుపొరను దర్శిని ద్వారా కోయవచ్చును. కొమ్ముల నడుమ అట్లు కోసినచో గోడ చిల్లుపడును. వెలుపలి ఆకారమును తెలుపు త్రిమితీయ అతిధ్వని చిత్రము, అయస్కాంత చిత్రణము ఇచ్చట దారి చూపును.

నేడు సామాన్యముగా అతిధ్వని పరీక్ష ముందు. అవసరమైన ఉప్పునీరు, దర్శిని తరువాత. నాళముల పరీక్షకు ఎక్స్ కిరణములు ఇంకను ఉపయోగపడుచున్నవి. ఏ పద్ధతి యైనను దోషమున్న చోటును చూపును. అది కాన్సరా కాదా యని తేల్చునది మాత్రము సూక్ష్మదర్శినియే.