పిడికెడు బియ్యం మీద పుట్టిన మాట

అప్పట్లో మా పేటలో ప్రతి ఇంటి పొయ్యి పక్కనా ఒక చిన్న ముంత ఉండేదిరా. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్ళు పిడికెడు తీసి అందులో వేసేవాళ్ళు. అది దేవుడి బియ్యం. వారానికోసారి ఒక విధవరాలు ఇల్లిల్లూ తిరిగి, గంపకెత్తి గుడికి చేర్చేది.

మాది లూథరన్ సంఘం. హయ్యరు దొరగారు 1842లో గుంటూరు వచ్చి మొదలెట్టిన పని మా పల్లె దాకా వచ్చింది. చదువు రానివాళ్ళకు కూడా లూథరుగారి చిన్న క్యాటకిజం కంఠతా వచ్చేది. 1529లో రాశాడాయన దాన్ని, ఇంటి పెద్ద ఇంటిల్లిపాదికీ నేర్పుకోవాలని. ఎనిమిదో ఆజ్ఞ దగ్గర, అబద్ధ సాక్ష్యం చెప్పకు అనే చోట (బాప్తిస్టులు దాన్ని తొమ్మిదోదిగా లెక్కపెడతారు), కొండేలు చెప్పొద్దని చెప్పి అక్కడితో ఊరుకోలేదు లూథరుగారు. పొరుగువాడి తరఫున నిలబడి మాట్లాడాలి, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థమే తీయాలి అన్నాడు. ఆ రెండో సగమే కష్టం.

ఒక కరువు ఏడు. బావి దగ్గర ఒకావిడ చేద లాగుతూ, "ఈమధ్య గంప తేలికైందేమిటో" అంది. పక్కావిడ, "దాని పిల్లలు బాగానే తింటున్నారులే" అంది. అంతే. మధ్యాహ్నానికి అది దొంగతనమైంది. సాయంత్రానికి పొరుగూళ్ళో ఆ విధవరాలి అన్న చెవిన పడింది. యాకోబు తన పత్రికలో నాలుకను నిప్పు అన్నది ఊరికే కాదు.

మర్నాడు మా నాయనమ్మ వింది. నేను ఆవిడ కొంగు పట్టుకునే ఉన్నాను. బిందె చప్టా మీద దించి, "నా ముందన్న మాట ఆమె ముందు కూడా అందాం, పదండమ్మా" అంది. ఇద్దరు మెల్లిగా తప్పుకున్నారు, మిగతావాళ్ళు వెనకే నడిచారు. ఆ విధవరాలు తల వంచుకుని నిలబడింది గానీ ఒక్క ముక్క చెప్పలేదు. చివరికి పాస్టరుగారే వచ్చి చెప్పారు: అవసరంలో ఉన్న ఒక ఇంటికి వారం వారం రెండు తవ్వలు తనే ఇమ్మన్నానని, ఏ ఇల్లని అడగొద్దని. ఆ ఇంటి పరువు కోసం నింద తన మీద పడినా నోరు విప్పలేదు ఆ తల్లి. అంతటి మనిషిని మళ్ళీ చూడలేదు నేను.

పూర్వం ఐగుప్తు ఎడారిలో అగాతోను అనే సన్యాసి మౌనం అలవడేదాకా మూడేళ్ళు నోట్లో రాయి పెట్టుకున్నాడట. శ్రమల దినాల్లో చెప్పుకునే ఆ కథంటే నాయనమ్మకు ప్రాణం. కానీ ఆ రోజు బావి దగ్గర ఆవిడ కూడా నోట్లో రాయి పెట్టుకుని ఊరుకుంటే ఆ విధవరాలి బతుకు ఏమయ్యేది? ఒకరు నోరు మూసుకోవడమూ, ఇంకొకరు నోరు విప్పడమూ, రెండూ భక్తే.

ప్రభుభోజన సంస్కారానికి ముందు శనివారం సిద్ధపాటు ప్రార్థన ఉండేది. మాట జారినవాళ్ళు ఆ శనివారం సాయంత్రం ఆ విధవరాలి గడప దగ్గరికి వెళ్ళి క్షమించమన్నారు. ఆమె క్షమించింది. అన్న మాత్రం చాలాకాలం ఆ ఇంటికి రాలేదు.

వచ్చే ఆదివారం మన గుడిలో సంస్కారం. ఎవరి గురించి మాట తూలారో మీకు తెలుసు. శనివారం పొద్దు గూకేలోగా వాళ్ళింటికి వెళ్ళి రండి. ఒక్కరే వెళ్ళడానికి మొహం చెల్లకపోతే నేను వెంట వస్తాను.