పర్లాకిమిడి పంతులుగారు – పండితుల భేషజం

ఇంట్లో 'వెళ్తున్నాను' అనే పండితుడే కలం పట్టగానే 'పోవుచున్నాను' అనేవాడు. నలుగురి మెప్పు కోసం వేసిన వేషం అది. ఆ వేషాన్ని విప్పి చూపినవారు మన సరిహద్దు ఊరి బడిపంతులే, గిడుగు వెంకట రామమూర్తిగారు.

1863లో పుట్టిన గిడుగువారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరారు. సవర భాష నేర్చి, సవర పిల్లలకు బళ్ళు పెట్టారు. 1907 ప్రాంతంలో పాఠశాలల అధికారి యేట్స్ దొర, మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు మరొకటి ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న పంతులుగారిని వదల్లేదు. గ్రాంథికమే రాయాలన్నవారి పుస్తకాలు తెరిచి, వారి గ్రాంథికంలోనే తప్పులు చూపించారు. అంటే, పట్టుబడని భాషను పట్టుబడినట్టు నటించారన్నమాట! ఆయన పుస్తకం పేరే 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'. భిషక్కు అంటే వైద్యుడు. భేషజమంటే సంస్కృతంలో మందు, మన తెలుగులో డాంబికం. అందులోని చురుక్కు వేరే చెప్పాలా?

నష్టపోయింది పిల్లలు. విషయం తెలిసినా, ఆ భాష రాక పరీక్ష కాగితం ముందు మూగబోయేవారు. నేనూ ఉపాధ్యాయుణ్ణే. తనిఖీకి అధికారి వచ్చిన రోజున నా నోటా 'చేయవలెను' అని వస్తుంది, పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ ఏడే పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు.